బొమ్మ ఇంజిన్ డైరీ: 0.14 నుంచి 0.41 ఆంపియర్ల దాకా

పెట్టె విప్పిన రోజు సంబరం గురించి రాయడం లేదు, ఇంకొకరు కట్టుకోవడానికి అది పనికిరాదు. వస్తువేమిటో చెప్తాను. లోపలిదంతా బయటికి కనిపించే నాలుగు సిలిండర్ల ప్లాస్టిక్ ఇంజిన్ కిట్. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న మోటర్ క్రాంకును (పిస్టన్లను ఆడించే వంకర ఇరుసు) తిప్పుతుంది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి, వాల్వులు తెరుచుకుని మూసుకుంటాయి, స్పార్క్ ప్లగ్గుల చోట ఎర్ర లైట్లు వెలుగుతాయి. పెట్రోలు లేదు, మంట లేదు. పెట్టె మీద 3 గంటల్లో పూర్తవుతుందని రాసుంది. మాకు 19 గంటలు పట్టింది.

కట్టింది మా పెద్దది (ఆరో తరగతి), చిన్నోడు (మూడో తరగతి), నేను. మధ్యమధ్యలో మా నాన్న. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, తార్నాకలో మాకు రెండు వీధుల అవతలే ఉంటారు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

1. స్టార్ స్క్రూడ్రైవర్, సున్నా నంబరుది. కిట్‌తో వచ్చిన దాని మొన పదో స్క్రూకే అరిగిపోయింది.
2. నిప్పర్, అంటే చిన్న కటింగ్ ప్లయర్. ముక్కల్ని ఫ్రేమ్ (అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి చేత్తో విరవకండి. నెయిల్ కట్టర్ కూడా వద్దు, దాని మొన వంపుగా ఉంటుంది కాబట్టి ముక్కలోకి గుంట పడుతుంది.
3. వెర్నియర్, వ్యాసాలు కొలవడానికి. స్కూలు పిల్లల ప్లాస్టిక్‌ది చాలు.
4. వాటర్ పేపర్, 400 నంబరుది ఒకటి, 1000 నంబరుది ఒకటి.
5. మల్టీమీటర్, కరెంటూ వోల్టులూ కొలవడానికి. కిట్‌తో వచ్చిన కాగితంలో దీని ఊసే లేదు. నన్నడిగితే స్క్రూడ్రైవర్ తర్వాత ఇదే ముఖ్యం.
6. ఇడ్లీ రేకు, చిల్లులు లేనిది. స్క్రూలు 6, 8, 12 మి.మీ. సైజుల్లో వస్తాయి. గుంటకొక సైజు వేసి పెట్టాం.

స్క్రూలు లెక్కపెట్టడం చిన్నోడి డ్యూటీ. కావలసినవి 60, ఎక్స్‌ట్రా 4, మొత్తం 64.

ఇప్పటిదాకా ఖర్చు: కిట్ 3,200, నిప్పర్ 180, వాటర్ పేపర్ 40. మొత్తం 3,420 రూపాయలు. మిగతావి ఇంట్లో ఉన్నవే.

దశ 1: క్రాంకు (డిసెంబర్ 6, 7)

క్రాంకును ఐదు చోట్ల క్యాపులు పట్టి ఉంచుతాయి. ఐదూ బిగించి స్విచ్ వేశాం. మోటర్ గుర్రుమని ఆగిపోయింది.

ఎంత కరెంటు లాగుతోందో చూద్దామని మల్టీమీటర్ తీశాను. ఇక్కడ తప్పు నాది. ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టాల్సింది, పక్కదాంట్లో పెట్టాను. లోపలి ఫ్యూజు టప్పున పోయింది, నాకు తెలియలేదు. ఇక మోటర్ అసలు కదల్లేదు. మోటరే కాలిపోయిందనుకుని దాన్ని విప్పి, బ్రష్షులు చూసి, మళ్లీ బిగించి 40 నిమిషాలు పాడుచేసుకున్నాను. ‘‘అమ్మా, మీటర్ తీసేసి పెట్టి చూడు’’ అంది పెద్దది. తిరిగింది.

సాయంత్రం మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో మారి సుల్తాన్ బజార్‌లో దిగాం. కోఠి గుజరాతీ గల్లీలో ఐదు ఫ్యూజులు 20 రూపాయలకు దొరికాయి. ఒకటి వేసుకుని మిగతావి మీటర్ వెనక టేపుతో అంటించాను. నన్ను నేను ఎరుగుదును.

మర్నాటి రీడింగులు:

మోటర్ ఒక్కటే: 0.14 ఆంపియర్లు.
ఐదు క్యాపులూ గట్టిగా బిగించిన క్రాంకుతో: 0.80 దాటి ఆగిపోయింది.

ఆ పూట నాన్న వచ్చి క్రాంకును రెండు వేళ్లతో తిప్పబోయారు. కదల్లేదు. ‘‘గట్ల గుంజి బిగిస్తే ఎట్ల తిరుగుతది బిడ్డా? ఇదేమన్న బస్సు ఇంజినా?’’ అన్నారు. ఆయన చెప్పిన పద్ధతి:

1. ఐదూ వదులు చేయాలి.
2. ఒక్క క్యాపు బిగించి క్రాంకును చేత్తో తిప్పి చూడాలి.
3. తేలిగ్గా తిరిగితే తర్వాతది బిగించాలి. బరువెక్కితే స్క్రూను పావు చుట్టు వెనక్కి తిప్పాలి.
4. అప్పటికీ బరువుగానే ఉంటే క్యాపు విప్పి లోపలి అంచు చూడాలి.

మూడో క్యాపు లోపలి అంచున, అచ్చు పోసినప్పుడు మిగిలిన పల్చటి పొర ఉంది. బ్లేడుతో గీకేశాను. రెండోదీ ఐదోదీ మాత్రం బిగువు ఎక్కువై పట్టేశాయి. ఆ రెండూ నేను బిగించినవి. పెద్దది బిగించిన ఒకటి, నాలుగు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి. ప్లాస్టిక్‌లో దిగే ఈ సన్న స్క్రూలకు పదకొండేళ్ల పిల్ల మణికట్టు సరిగ్గా సరిపోయింది. ఆ రోజు నుంచి స్క్రూడ్రైవర్ దానికే ఇచ్చేశాను.

సరిచేశాక: 0.19.

లెక్క: ఐదున్నర గంటలు. 3,440 రూపాయలు. పోయిన స్క్రూలు 2.

దశ 2: పిస్టన్లు, కొబ్బరినూనె (డిసెంబర్ 13, 14, 20)

పిస్టన్లు పెట్టగానే మీటర్ 0.62 చూపించింది. క్రాంకు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టులో మొరాయించేది. సిలిండర్ లోపలి వ్యాసం 22.0 మి.మీ. పిస్టన్లు నాలుగూ కొలిచాం. మూడు 21.6. మూడో నంబరుది ఒకవైపు 21.6, అడ్డం తిప్పి కొలిస్తే 22.0. ఫ్రేమ్ నుంచి కత్తిరించిన చోట చిన్న మొటిమ మిగిలిపోయింది. మేం గమనించలేదు, వెర్నియర్‌కు తగిలింది.

400 వాటర్ పేపర్‌ను అద్దం మీద పరిచి, తడిపి, మొటిమను పది రుద్దుళ్లు రుద్ది, 1000తో నునుపు చేశాం. 21.65కు వచ్చింది. ఇక్కడితో ఆగితే బాగుండేది. నేను ఫోన్ మాట్లాడి వచ్చేలోపు చిన్నోడు రెండో నంబరు పిస్టన్‌ను కూడా ‘బాగా’ చేసేశాడు. 21.2. అది ఇప్పటికీ కటకటలాడుతూనే ఉంది. ప్రతి ఐదు రుద్దుళ్లకూ ఒకసారి కొలవాలని కాగితం మీద రాసి గోడకు అంటించాం. తీసిన ప్లాస్టిక్‌ను మళ్లీ అతకలేం కదా.

రుద్దాక 0.36. ఇంకొంచెం జారుడు కావాలి. కిట్‌తో వచ్చిన గ్రీజు ప్యాకెట్ ఎక్కడ పెట్టామో గుర్తు లేదు. చేతికందిన కొబ్బరినూనె, అగ్గిపుల్లతో పిస్టన్‌కొక చుక్క వేశాను. మీటర్ 0.29కి దిగింది. ఎంత తెలివి అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి స్విచ్ వేస్తే 0.57. రాత్రి ఎవరూ ముట్టుకోలేదు. ఒక్క స్క్రూ కదల్లేదు. పెద్దది పిస్టన్ పక్కన తెల్లటి పూతను వేలితో తీసి వాసన చూసి, ‘‘అమ్మా, పేరుకుంది’’ అంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గదిలో 19 ఉంది. డిసెంబర్‌లో పొద్దున్నే సీసాను వేడినీళ్ల మగ్గులో పెట్టుకునే మనిషిని, నాకు తట్టలేదు చూడండి.

అంతా విప్పి, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టాం. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి, ఈ ప్లాస్టిక్ చెడిపోతుంది. కావలసింది సిలికాన్ ఆయిల్. కింది ఫ్లోర్ వాళ్లింట్లో ట్రెడ్‌మిల్‌కు వేసేది ఉంది. ఆ ట్రెడ్‌మిల్ బట్టలారేసుకునే స్టాండుగా మారి రెండేళ్లయింది గానీ సీసా నిండుగానే ఉంది. పిస్టన్‌కొక చుక్క. సాయంత్రం 0.28, మర్నాడు పొద్దున కూడా 0.28.

నూనె కథ అంతటితో అయిపోలేదు. 20న చూస్తే పారదర్శకంగా ఉండే సిలిండర్ బ్లాకులో, స్క్రూ దిగిన చోటి నుంచి 11 మి.మీ. చీలిక. ఇలాంటి గట్టి ప్లాస్టిక్ బిగువు మీద ఉన్న చోట నూనె తగిలితే సన్నగా పగుళ్లివ్వడం మామూలే. ఆ స్క్రూ కూడా నేను బిగించిందే. సూపర్ గ్లూ రాశాను. చీలిక పట్టుకుంది గానీ చుట్టూ రూపాయి బిళ్లంత మేర తెల్లటి పొగ పట్టింది, ఇక తుడిచినా పోదు. పారదర్శకమైన భాగాలకు ఆ గమ్ వాడకండి.

రెండు రోజుల్లో చీలిక ఇంకో 2 మి.మీ. పాకింది. నాన్న చూసి 1 మి.మీ. డ్రిల్లు బిట్టు తెమ్మన్నారు. మెషీన్ లేకుండా బిట్టును వేళ్ల మధ్య తిప్పుతూ చీలిక ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడ ఒక రంధ్రం వేశారు. బస్సు బాడీ రేకు చీలితే డిపోలో ఇలాగే చేసేవాళ్లట. మొన సూదిలా ఉన్నంతకాలం చీలిక పాకుతూనే ఉంటుంది, రంధ్రంలో కలిస్తే మొన గుండ్రమై బలం ఒకచోట పడదు. ఇది రాస్తున్న రోజుకు చీలిక 13 మి.మీ. దగ్గరే ఆగి ఉంది.

లెక్క: పదకొండున్నర గంటలు. గ్లూ 20తో కలిపి 3,460 రూపాయలు. ఇంకో స్క్రూ పోయింది, ఊడ్చిన చెత్తలో ఒకటి దొరికింది, కాబట్టి పోయినవి 2 దగ్గరే ఉన్నాయి.

దశ 3: క్యాములు, వాల్వులు, బెల్టు (డిసెంబర్ 21, 25)

వాల్వులు ఎనిమిది. వాటిని నొక్కే క్యామ్ ముక్కలు నాలుగు, నాలుగూ ఒకే అచ్చు. చదరపు షాఫ్టుకు ఒక్కోదాన్నీ 90 డిగ్రీలు తిప్పి గుచ్చాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక్కటే తిరుగుతుంది, కాబట్టి ఇక్కడి 90 డిగ్రీలు అక్కడ 180. బొమ్మ చూసి గుచ్చేశాం. బొమ్మ షాఫ్టును ఏ చివర నుంచి చూసి గీసిందో చూసుకోలేదు. దాని ఫలితం దశ 4లో.

బెల్టు పళ్లు: క్రాంకు చక్రానికి 16, క్యామ్ చక్రానికి 32. ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 22.5 డిగ్రీల తేడా. గుర్తు కోసం నెయిల్ పాలిష్ చుక్క పెడదామంది పెద్దది. పనికిరాని ఫ్రేమ్ ముక్క మీద ముందు వేసి చూశాం. తుడిస్తే కింద ప్లాస్టిక్ గరుకైంది. తెల్ల మార్కర్‌తో పెట్టుకున్నాం.

ఈ దశలో కరెంటు ఇలా దిగింది:

1. బెల్టు బిర్రుగా: 0.66.
2. టెన్షన్ చక్రం వదులు చేసి, వేలితో నొక్కితే బెల్టు 4 మి.మీ. దిగేలా: 0.52. ఇంతకన్నా వదులైతే పన్ను జారుతోంది.
3. వాల్వు కాడలు సరిచేశాక: 0.40.

మూడోదే అసలు పని. కాడను అద్దం మీద దొర్లించాలి. వంకర ఉంటే ఎగిరెగిరి దొర్లుతుంది. రెండింటికి వంకర, నాలుగింటికి పొడవునా అచ్చు గీత ఉన్నాయి. గీతను బ్లేడుతో అడ్డంగా గీకాలి. బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. దొర్లించి ‘మంచిది’, ‘చెడ్డది’ అని తీర్పు చెప్పే పని చిన్నోడికి ఇస్తే గంటసేపు కుర్చీ దిగలేదు.

లెక్క: పదిహేనున్నర గంటలు. ఖర్చు కొత్తగా లేదు. ఒక స్క్రూ తల అరిగిపోయి పారేశాం, పోయినవి 3.

దశ 4: లైట్లు, తప్పుడు వరస (డిసెంబర్ 28, జనవరి 1)

లైట్లు వెలిగాయి గానీ మసకగా. సెల్స్ కొలిస్తే ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 3.1 వోల్టులు, నడుస్తుంటే 2.3. మామూలు సెల్స్ ఈ బరువు మోయలేవు. ఆల్కలైన్ వేస్తే నడుస్తున్నప్పుడు 2.8. మీటర్ 0.43. పై రీడింగులన్నీ పాత సెల్స్‌తో తీసినవి, సెల్స్ మారిస్తే అంకె మారుతుంది. పోల్చుకోవాలంటే ఒకే జత వాడండి.

స్పీడు కోసం ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాం. సెకనుకు 240 ఫ్రేములు, క్రాంకు ఒక చుట్టుకు 150 ఫ్రేములు. అంటే నిమిషానికి 96 చుట్లు. నిలబడి నడుస్తున్న కారు ఇంజిన్ 800 దరిదాపుల్లో తిరుగుతుంది.

ఆ వీడియోనే తప్పు పట్టించింది. చిన్నోడు దాన్ని వేలితో ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చున్నాడు. ‘‘అమ్మా, మూడో దాంట్లో తలుపు తెరిచే ఉంది, లైటొచ్చేసింది’’ అన్నాడు. లైటు సరిగా వెలగడం లేదేమో అన్నాను. ‘‘కాదు, ఒకటో దాంట్లో రెండు తలుపులూ మూసేశాకే వస్తోంది, చూడు.’’ చూశాను. నిజమే. ఒకటి, నాలుగు సరిగ్గా ఉన్నాయి. రెండు, మూడులో మాత్రం వాల్వులు తెరిచి ఉండగానే నిప్పు.

నాన్నకు ఫోన్ చేస్తే, ఏ సిలిండర్ తర్వాత ఏది అంటుకుంటోందో ఆ వరస చెప్పమన్నారు. లైట్ల వరస 1-3-4-2. వాల్వుల వరస గీసి చూస్తే 1-2-4-3. రెండో క్యామ్‌కు పెట్టాల్సిన తిప్పు మూడోదానికి, మూడోదానిది రెండోదానికి పెట్టాం. మరి అంత తప్పు పెట్టుకుని ఎక్కడా తట్టకుండా ఎలా తిరిగింది? ఈ క్రాంకులో ఒకటి, నాలుగు కలిసి పైకొస్తాయి, రెండు, మూడు కలిసి పైకొస్తాయి. అందుకని రెండూ మూడూ తారుమారైనా పిస్టన్లకు పట్టదు. అసలు 1-2-4-3 వరసలో నడిచే ఇంజిన్లు కూడా ఉన్నాయి. లైట్లను వరసగా వెలిగించే మన చక్రానికి మాత్రం ఆ సంగతి తెలియదు. ‘‘మా ఆరు సిలిండర్లకు 1-5-3-6-2-4, నిద్రల లేపి అడిగినా చెప్త’’ అన్నారు నాన్న. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గే ఉండదని, గాలిని నొక్కిన వేడికే అంటుకుంటుందని అప్పుడే చెప్పారు. ఈ ముక్కతో పెద్దది నాలుగు రోజులు నన్ను వేధించింది.

బెల్టు ఎక్కించే ముందే ఇలా సరిచూసుకోండి, మాలాగా పై మూత 14 స్క్రూలూ మళ్లీ విప్పే పని తప్పుతుంది:

1. ఒకటో పిస్టన్ పైకి రావాలి, దాని రెండు వాల్వులూ మూసి ఉండాలి. అక్కడి నుంచి పిస్టన్ దిగడం మొదలైతే అది పవర్, అంటే అసలు ఇంజిన్‌లో మంట పిస్టన్‌ను కిందికి తోసే స్ట్రోకు.
2. అప్పుడు మూడోది కంప్రెషన్‌లో ఉండాలి, రెండు వాల్వులూ మూసి, పిస్టన్ పైకొస్తూ.
3. నాలుగోది సక్షన్‌లో, లోపలికి గాలి వచ్చే వాల్వు తెరిచి.
4. రెండోది ఎగ్జాస్ట్‌లో, పొగ పోయే వాల్వు తెరిచి.

జనవరి 1న మూత విప్పి, రెండు క్యాములూ సరిగ్గా తిప్పి గుచ్చాం. ఈసారి నిప్పు నాలుగింట్లోనూ తలుపులు మూశాకే వచ్చింది. 0.41.

పెద్దది అడిగింది, ‘‘మోటరే దీన్ని తిప్పుతుంటే ఇది ఇంజినెట్లా అవుతుందమ్మా?’’ 1876లో జర్మనీలో నికొలౌస్ ఒట్టో ఈ నాలుగు స్ట్రోకుల పద్ధతిని నడిపించి చూపించాడని నేను మొదలుపెట్టేలోపే నాన్న అందుకున్నారు. ‘‘పొద్దుగాల బండికి సెల్ఫ్ కొడ్తవ్ చూడు, కిర్ కిర్ అంటది, అంటుకోదు. ఇది గంతే. జీవితాంతం సెల్ఫ్ కొడుతనే ఉంటది.’’ దానికి సరిపోయింది.

లెక్క: 19 గంటలు. ఆల్కలైన్ సెల్స్ నాలుగు 160, మొత్తం 3,620 రూపాయలు. ఉన్న స్క్రూలు 61, ఇంజిన్‌లో 60, ఇడ్లీ రేకులో 1.

మిగిలిన పనులు

రెండో పిస్టన్ కటకట అలాగే ఉంది. సన్నటి టేపు చుట్టి చూశాం, పది నిమిషాలకే ఊడి వచ్చింది. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవడానికి కొంచెం బద్ధకిస్తోంది. స్ప్రింగు ఒక చుట్టు సాగదీసి చూడాలి.

సంక్రాంతి సెలవులు

చిన్నోడు మొత్తం విప్పి ఒక్కడే కట్టాడు. మూడు రోజులు, పూటకు గంటన్నర. నేను బ్లేడు పనికి తప్ప దగ్గరికి వెళ్లలేదు. ఇంజిన్ తిరుగుతోంది, 0.39, మొత్తం కట్టిన ఇంజిన్‌కు ఇదే ఇప్పటిదాకా తక్కువ. ఇడ్లీ రేకులో ఒక్కటి ఉండాల్సింది, మూడు స్క్రూలున్నాయి. ఎక్కడివో తేలలేదు. ప్రస్తుతం ఇద్దరూ టార్చిలైటు పెట్టుకుని ఇంజిన్ కింద ఖాళీ రంధ్రాలు వెతుకుతున్నారు.